కొక్కేనికి కోడు లేదు

మా సారు పోయారన్న కబురు నాకు ఆస్పత్రి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున డ్యూటీకి బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మన రికార్డు రూము పెద్దసారు ఇంటి దగ్గర గుండె ఆగి చనిపోయారు" అని ఎవరో పెట్టారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. ఏడుపు రావాలి కదా, నాకు ముందు కోపం వచ్చింది. గుండె ఆగి చనిపోయారని ఏ డాక్టరు రాసినా మా సారు ఆ కాగితాన్ని వెనక్కి పంపేవారు. "గుండె ఆగకుంట సచ్చినోడు ఎవడన్న ఉన్నడా బిడ్డా? ఎందుకు ఆగిందో రాయమను" అనేవారు. ఆయన చావును కూడా తప్పు రాసి పెట్టారే అనుకుంటూ ఉండగా నా బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మా పని గురించి చెబితే చాలామందికి అర్థం కాదు. మా అవ్వకు ఇప్పటికీ కాలేదు, "డాక్టర్ల చీటీలు సదివే కొలువు" అని అందరికీ చెప్పుకుంటుంది. అది మరీ తప్పేం కాదు. ప్రతి రోగానికీ ఒక అక్షరం, దాని పక్కన కొన్ని అంకెలు ఉంటాయి. డాక్టర్లు కేస్ షీట్లో రాసింది చదివి, ఆ రోగానికి సరిపోయే అక్షరమూ అంకెలూ వెతికి కంప్యూటర్లో ఎక్కించాలి. ఆ కోడు సరిగ్గా ఉంటేనే ఆరోగ్య పథకం వాళ్లు గానీ ఇన్సూరెన్స్ వాళ్లు గానీ మంజూరు ఇస్తారు. మంజూరు రాకపోతే మా ఆస్పత్రికి వచ్చేవాళ్లలో చాలామందికి ఆపరేషన్ జరగదు. కరీంనగర్‌లో నేను ఈ పనిలో చేరినప్పుడు నాకు ఇవేవీ తెలియవు, నేర్పింది సారే.

మా రూము మెట్ల వెనక ఉంటుంది. కిటికీ లేదు. నాలుగు గోడలకూ కప్పు దాకా ఫైళ్లు. తలుపు వేస్తే పగలో రాత్రో తెలియదు. మా బాపు గోదావరిఖని దిక్కు బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేస్తాడని విని సారు మొదటి రోజే నవ్వారు. "మీ బాపు బాయిల దిగిండు, నువ్వు గీ రూముల దిగినవ్. నెత్తి మీద లైటు టోపీ ఒక్కటే తక్కువ" అన్నారు. అప్పటి నుంచి నేను బాయిబిడ్డను.

సారుది ఆదిలాబాద్‌కు అవతల, మరాఠీ కలిసిన ఊరు. కొత్త ఫైలు ఏది వచ్చినా గడ్డం పైకెత్తి "కాయ్ ఝాలా?" అని ఫైలునే అడిగేవారు, ఏమైందీ అని. మధ్యాహ్నం జొన్న రొట్టెలోకి పచ్చిమిరపకాయల ఠేచా తెచ్చుకునేవారు. నాకూ పెట్టేవారు. కళ్లలో నీళ్లు కారుతుంటే చూసి "గిది తిన్నోళ్లకు కోడింగు మంచిగ వస్తది" అనేవారు. గొంతు పెద్దది. మెట్ల వెనక మాట్లాడితే మందుల కౌంటరు దాకా వినిపించేది.

ఆయన నేర్పిన వాటిలో మొదటిది కొక్కెం. డాక్టర్లకు అనుమానం ఉన్నప్పుడు రోగం పేరుకు ముందు ప్రశ్న గుర్తు పెడతారు. సారు దాన్ని కొక్కెం అనేవారు. "కొక్కేనికి కోడు లేదు బిడ్డా" అని ఎన్నిసార్లు అన్నారో. అనుమానం ఉన్నంతకాలం మేము రోగం పేరు ఎక్కించకూడదు. దగ్గయితే దగ్గు, నొప్పయితే నొప్పి, కనిపించే బాధ ఒక్కటే రాయాలి. పరీక్ష రిపోర్టు మా కళ్ల ముందే ఉన్నా సరే, డాక్టరు తన చేత్తో కొక్కెం కొట్టేసి రోగం పేరు రాయాలి. మనకు తెలుసు కదా అని మనం రాయడానికి లేదు. అందుకని రిపోర్టు రాగానే సారు ఫైలు చంకన పెట్టుకుని పైకి వెళ్లి, డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని రాయించుకుని వచ్చేవారు. ఇంకొకర్ని పంపేవారు కాదు.

రెండోది తొమ్మిది. చాలా కోడ్లలో చివర తొమ్మిది వేస్తే, రోగం సరిగ్గా ఎక్కడుందో రాయలేదని అర్థం. సారుకు తొమ్మిది అంటే పడదు. ఒకసారి నేను "గొంతు క్యాన్సర్" అని ఉన్న కేస్ షీటుకు అలాంటి కోడే వేసుకుని వెళ్తే, కళ్లద్దాలు తీసి నావైపు చూశారు. "గొంతు అంటే వాడకట్టు. ఏ ఇల్లో రాయకుంటే పోస్టాయన ఎవలింటికి పోతడు? మాటపెట్టెనా, దాని ఎనుక మింగే తొవ్వనా, మాటపెట్టెల ఏ జాగ? పోయి అడుగు" అన్నారు. స్వరపేటికను ఆయన మాటపెట్టె అనేవారు. వెళ్లి అడిగాను. ఆ రోజు నుంచి నాకూ తొమ్మిది పడదు.

ఇంట్లో సారు, అమ్మ, ఇద్దరే. అమ్మ అంటే సారు భార్య, మేమంతా అలాగే పిలుస్తాం. ఆమె నిర్మల్ ఆడపిల్ల. పెళ్లికి ముందు కొయ్య బొమ్మలకు రంగులు వేసేది. షుగరుతో కళ్లు రెండూ పోయి చాలాకాలమైంది. రోజూ పొద్దున సారు ఆమెకు పేపరు చదివి వినిపించేవారు. వార్తలతో ఆగేవారు కాదు, పత్తి ధర, ఇల్లు అద్దెకు ఇచ్చే ప్రకటనలు, పెళ్లి సంబంధాలు, అన్నీ. ఆస్పత్రి ముచ్చట్లు కూడా చెప్పేవారు. కొక్కెం సంగతి అమ్మకు నాకన్నా ముందే తెలుసు. సారు గొంతే ఆమెకు కిటికీ అని నేను అప్పట్లో ఆలోచించలేదు. మొగుడూ పెళ్లాం పొద్దంతా ఏం మాట్లాడుకుంటారబ్బా అని మాత్రం నవ్వుకునేదాన్ని.

తర్వాత సారు గొంతు బొంగురుపోయింది. ఫైళ్ల దుమ్ము అన్నారు, ఠేచా అన్నారు. "మీ గొంతు బాయిల పడ్డది సార్, మా బాపును పిలవాల్నా?" అని నేను ఎగతాళి చేశాను. నెలలు గడిచినా తగ్గలేదు. మా ఆస్పత్రి గొంతు డాక్టరే ఆయన్ను పట్టుకుని గొట్టం పెట్టి చూశాడు, ముక్క తీసి పరీక్షకు పంపాడు. కేస్ షీట్లో క్యాన్సర్ అని రాసి ముందు కొక్కెం పెట్టాడు. అనుమానమే కాబట్టి అప్పటికి అది సరైన రాతే.

రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. స్కానూ అయింది. డాక్టరు సారును కూర్చోబెట్టి చెప్పాడు, కరెంటు పెట్టినంత మాత్రాన, అంటే రేడియేషన్‌తో, పోయేది కాదు, మాటపెట్టె మొత్తం తీసెయ్యాలి, ఆలస్యం చెయ్యొద్దు అని. ఇక మిగిలింది ఫైలు పైకి తీసుకెళ్లి కొక్కెం కొట్టించడం. ఆ పని రోజూ చేసేది సారే. ఆయన తన ఫైలును తన టేబుల్ మీద పెట్టుకుని, దాని మీద చేయి పెట్టి కూర్చున్నారు.

మర్నాడూ అలాగే ఉంది. ఆ వారమంతా అలాగే ఉంది. ఊరి వాళ్లందరి ఫైళ్లూ పైకి వెళ్లి వచ్చేవి, ఆ ఒక్కటి కదిలేది కాదు. "నేను తీసుకపోత సార్" అంటే "జర ఆగు బిడ్డా" అనేవారు. పైన డాక్టరు ఎదురుపడి అడిగితే "వస్తున్న సార్" అని తల దించుకునేవారు. కంప్యూటర్లో ఆయన పేరు ఎదురుగా గొంతు బొంగురు అనే కోడు ఒక్కటే ఉండేది. బొంగురు గొంతుకు ఎవరూ ఆపరేషన్ మంజూరు చెయ్యరు. కిటికీ లేని ఆ రూములో మధ్యాహ్నం ఫ్యాను ఆపితే ఆయన ఊపిరి వినిపించేది, సన్నని కూతతో. దాన్ని వింటూ ఎదురుగా కూర్చుని వేరేవాళ్ల రోగాలకు అంకెలు వెయ్యడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఊపిరి ఆయనదే అయినా నాకు ఆడేది కాదు. పెద్దాయన వద్దన్నాక ఫైలు లాక్కుని పోలేను, ఊరుకోనూ లేను.

ఒక సాయంత్రం ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాను. అమ్మ గడప పక్కన కూర్చుని చాటలో బియ్యం తడుముతూ రాళ్లు ఏరుతోంది. సారు లోపలి గదిలో మంచం మీద ఉన్నారు. నా చెప్పుల చప్పుడుకే గుర్తుపట్టి అమ్మ అడిగింది.

"బిడ్డా, మీ సారు గొంతుల ఏమున్నది?"

నేను లోపలి గది వైపు చూశాను. రోగి సంగతి రోగి చెప్పాలి, మేము చెప్పకూడదని నేర్పిన మనిషి లోపల వింటున్నాడు.

"నువ్వు జెప్పకులే, నేనే జెప్త" అంది. "పేపరు సదువుడు సగానికి దించిండు. దమ్ము ఆడక వరుసలు ఇడిసిపెడ్తుండు. నాకు ఎరుక లేదనుకుంటుండు. కండ్లు పోయినయ్ గని చెవులు పోలే గద. పెద్ద రోగమే. అవునా?"

లోపలి నుంచి సారు వచ్చారు. తలుపు పట్టుకుని నిలబడ్డారు. గొంతు అప్పటికే గుసగుసలోకి దిగింది.

"అవును" అన్నారు. "మాటపెట్టె తీసేస్తరట."

"తీసేస్తె బతుకుతవా?"

"బతుకొచ్చు."

"మరి ఎందుకు కూసున్నవ్?"

సారు వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు. తర్వాత అన్న మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "నేను రాసి చూపెడ్త అంటే నీకు కనవడది. నోటితోని చెప్త అంటే ఇగ నాకు రాదు. గీ నాలుగు గోడల నడుమ నువ్వొక దిక్కు, నేనొక దిక్కు. ఎట్ల బతుకుతమే?"

నాకు అప్పుడు తెలిసింది ఆయన ఫైలు మీద చేయి ఎందుకు తీయలేదో. చావుకు భయపడలేదు ఆయన. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి ఒకరికొకరు అందకుండా పోతామని భయపడ్డారు. కదిలితే గొంతు పోతుంది, కదలకపోతే ప్రాణం పోతుంది, ఆ రెంటి మధ్య ఇరుక్కుని ఫైలు పట్టుకుని కూర్చున్నారు.

అమ్మ చాట పక్కన పెట్టింది. "సప్పుడు జెయ్యి" అంది. "చేతులున్నయ్ గద. గోడ కొట్టు, గిన్నె కొట్టు. నువ్వు ఉన్నవని సప్పుడైతే సాలు నాకు. గంత సదువుకున్నవ్, గింత ఎరుకలేదా?"

మర్నాడు అమ్మ సారు చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి వచ్చింది. ఫైలు నా చేతిలో. కొక్కెం ఇంకా అలాగే ఉందని సారు రాత్రి ఆమెకు చెప్పారట. ముగ్గురం మెట్లెక్కి డాక్టరు గదిలోకి వెళ్లాం. డాక్టరు కుర్చీ చూపించాడు గానీ అమ్మ కూర్చోలేదు. "సారూ, గా కొక్కెం తీసెయ్యుండ్రి" అంది. డాక్టరు ఒక్క క్షణం సారు వైపు చూశాడు, సారు తలూపారు. కొక్కెం మీద గీత పెట్టి, పక్కన సంతకం చేసి, కింద కొత్త వరస రాశాడు. స్వరపేటిక క్యాన్సర్, స్వరతంతువు దగ్గర పుట్టింది అని.

కిందికి వచ్చి నేను కోడు ఎక్కిస్తుంటే సారు నా కుర్చీ వెనక నిలబడ్డారు. వేరేవాళ్ల పేరయితే నా చేతికి అది కొత్త కాదు. ఆ రోజు అక్షరం కొట్టాక అంకెలు ఒక్కొక్కటే చూసి చూసి కొట్టాను. వెనక నుంచి గుసగుసగా అడిగారు, "తొమ్మిది ఎయ్యలేదు గద?"

"లేదు సార్. సున్న, స్వరతంతువు."

"శాబాష్" అన్నారు. ఆ రూములో ఆయన నోటితో అన్న చివరి మాట నాకు తెలిసి అదే.

మంజూరు వచ్చింది, ఆపరేషన్ అయింది. ఊపిరికి మెడ కింద రంధ్రం, దాని మీద తెల్లని బట్ట. కోలుకున్నాక ఒక ఆదివారం రమ్మని కాగితం మీద రాసి నాకు ఫోన్లో ఫోటో పంపారు. వెళ్లేసరికి ఇద్దరూ ఎదురెదురు మంచాల మీద కూర్చుని పంచాయితీ పెట్టుకుంటున్నారు. సారు రాస్తారు, నేను చదవాలి, అమ్మ ఒప్పుకోవాలి. ఏ చప్పుడుకు ఏ అర్థమో తేల్చుకోవడం ఆ పంచాయితీ. సారు వేలికి వేములవాడలో కొన్న రాగి ఉంగరం ఉండేది. ఆ ఉంగరంతో స్టీలు గ్లాసు కొడితే దాహం. తాళంచెవులు ఆడిస్తే బయటికి పోతున్నట్టు. దర్వాజా మీద అరచేత్తో కొడితే ఎవరో వచ్చినట్టు. సారు ఇంకా రాస్తూనే ఉన్నారు, నొప్పికి వేరే, చలికి వేరే, చలిలో తక్కువకూ ఎక్కువకూ వేరే. అమ్మకు విసుగొచ్చింది. "గిన్ని యాదికుంటయా? నేనేమన్న మీ ఆఫీసుదాన్నా?" అంది. సగం కొట్టేయించింది.

చివరికి ఒకటి మిగిలింది. ఉంగరంతో మంచం పట్టె మీద కొట్టడం. దానికి ఎదురుగా ఏమీ రాయలేదు. "దీని అర్థమేంది సార్?" అని అడిగాను. కాసేపు ఆలోచించి "ఊరికే" అని రాశారు. నేను చదవగానే అమ్మ నవ్వింది. నేను ఊరుకుంటానా, ఇన్నేళ్లకు దొరికారు. "గిది తొమ్మిదే గద సార్? ఏమిటో ఎక్కడో లేని కోడు?" అన్నాను. సారు భుజాలు ఊగాయి, నవ్వుకు చప్పుడు లేదు. కాగితం లాక్కుని రాశారు. "ఇంట్ల తొమ్మిదికి మాఫీ."

అంతా సాఫీగా సాగిందని చెప్పను. అమ్మ వంటింట్లోంచి ఏదో అడిగేది, సారు అలవాటుగా పెదవులు కదిపేవారు, జవాబు రాలేదని ఆమె అలిగేది. ఆయన కోపంతో కాగితం మీద బరబరా రాసి, దాన్ని ఎవరికి చూపించాలో తెలియక నలిపేసేవారు. ఒకసారి నేనున్నప్పుడే అలా జరిగింది. ఆ ఇంట్లోకి వెళ్తే మా రూములోకన్నా ఊపిరి తక్కువ ఆడినట్టు ఉండేది.

ఒక రోజు పెరట్లో నీళ్ల సంపు మూత తీసి ఉంది. సారు మంచం మీద నుంచి కిటికీలో చూశారు, అమ్మ బట్టల బకెట్టుతో అటే నడుస్తోంది. అరవడానికి గొంతు లేదు. ఆపరేషన్ అయిన మనిషి, లేచి పరుగెత్తలేరు. చేతికి అందిన స్టీలు గ్లాసు తీసి గోడకేసి కొట్టారు. అమ్మ ఆగింది. "దూపయితే గంత కోపమా? తెస్తున్నా" అని వెనక్కి తిరిగి వంటింట్లోకి నడిచింది. నీళ్లు తెచ్చి ఇస్తే సారు ఆమె చెయ్యి వదల్లేదట. చెయ్యి మీద తడి పడ్డాక గానీ ఆయన ఏడుస్తున్నారని ఆమెకు తెలియలేదు. పక్కింటామె వచ్చి సంపు మూత వేస్తూ చెప్పాక మిగతాది అర్థమైంది. నాకు ఈ సంగతి అమ్మే చెప్పింది, నవ్వుతూనే చెప్పింది గానీ చెప్తున్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉంది.

ఏడాది తిరిగాక రోగం మళ్లీ వచ్చింది. ఈసారి మెడలో, ఊపిరితిత్తుల్లో. డాక్టరు కేస్ షీట్లో ఎక్కడా కొక్కెం పెట్టలేదు, ఉన్నది ఉన్నట్టు రాశాడు. సారు ఆ వరస మీద వేలు పెట్టి చదివి, బాగా రాశావన్నట్టు డాక్టరు వైపు తలూపారు. నేను మాత్రం ఒక్క కొక్కెమన్నా ఉంటే బాగుండునని మనసులో అనుకున్నాను. చివరి రోజుల్లో ముక్కు గొట్టంతో పాలు. నేను వెళ్లి ఎదురుగా కూర్చుంటే గడ్డం కొంచెం పైకెత్తేవారు. కాయ్ ఝాలా అని. ఆస్పత్రి ముచ్చట్లు చెప్పేదాన్ని. తొమ్మిది వేసుకొచ్చిన కొత్త పిల్లను నేను ఎలా తిట్టానో చెబితే కళ్లతో నవ్వారు.

పోయిన రోజు నేను వెళ్లేసరికి మా గొంతు డాక్టరు వాళ్లింట్లోనే ఉన్నాడు, మరణ పత్రం రాస్తున్నాడు. గ్రూపులో చదివిన ముక్క మనసులో ఉండి నేను నోరు తెరవబోయాను. ఆయన తలెత్తకుండానే "గుండె ఆగిందని రాయనులే అమ్మా, మీ సారు ఊకోడు" అన్నాడు. స్వరతంతువు దాకా రాశాడు. నా గురువు చివరి కాగితంలో తొమ్మిది లేదు. అదేం ఓదార్పు అని మీరు అడగొచ్చు. నాకు అదే దొరికింది, తీసుకున్నాను.

దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్లాక ఒక సాయంత్రం అమ్మ దగ్గరికి వెళ్లాను. రెండు మంచాలూ అలాగే ఎదురెదురుగా ఉన్నాయి. సారు మంచం మీద పరుపు తీసేశారు. అమ్మ తన మంచం మీద కూర్చుని ఉంది. పేపరు చదవనా అని అడిగితే రేపు చదువుదువులే అంది. చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్లాను. పాలు పొంగుతుండగా వెనక నుంచి చప్పుడు వినిపించింది. మంచం పట్టె మీద లోహం తగిలిన చప్పుడు, ఆగి, మళ్లీ. పొయ్యి ఆపి గదిలోకి పరుగెత్తాను.

అమ్మ బొటనవేలికి సారు రాగి ఉంగరం ఉంది. వేలికి వదులైతే దారం చుట్టుకుంది.

"ఏందమ్మా, ఏమన్న కావాల్నా?"

"ఏం లేదు బిడ్డా" అంది. "ఊరికే."

ఇంకోసారి కొట్టి, ఎదుటి మంచం వైపు చెవి పెట్టి కూర్చుంది.